పేస్ట్ చేస్తే అక్షరాలే వస్తాయా, అలంకరణా వస్తుందా?

పోటీ పరీక్షల కంప్యూటర్ అవగాహన ప్రశ్నల్లో కట్, కాపీ, పేస్ట్ తప్పనిసరి. జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో 1970ల మధ్యలో లారీ టెస్లర్, టిమ్ మాట్ 'జిప్సీ' ఎడిటర్ కోసం ఈ పద్ధతిని రూపొందించారు. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో మరణించారు.

వర్డ్‌లో పేస్ట్ ఆప్షన్లలో ముఖ్యమైనవి మూడు. 'కీప్ సోర్స్ ఫార్మాటింగ్' అంటే ఫాంటు, రంగు, సైజు మూలంలో ఉన్నట్టే వస్తాయి. 'కీప్ టెక్స్ట్ ఓన్లీ'లో ఉత్త అక్షరాలే వస్తాయి, బొమ్మలు కూడా పోతాయి. అభ్యర్థులు తడబడేది 'మెర్జ్ ఫార్మాటింగ్' దగ్గరే: రూపం కొత్త పత్రానిదే, కానీ బోల్డ్, ఇటాలిక్ వంటివి నిలుస్తాయి.

షార్ట్‌కట్ అడిగితే సాఫ్ట్‌వేర్ పేరు చూడండి. గూగుల్ డాక్స్‌లో ఉత్త అక్షరాలకు కంట్రోల్+షిఫ్ట్+వి. లిబ్రేఆఫీస్ రైటర్‌లో అవే మీటలు 'పేస్ట్ స్పెషల్' పెట్టెను తెరుస్తాయి.

తెలుగు డీటీపీ చేసేవారికి ఇంకో చిక్కు. అను వంటి పాత ఫాంట్లలో కొట్టిన పాఠాన్ని ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు ప్రత్యక్షమవుతాయి. అక్కడ తెలుగుదనం ఫాంటులోనే ఉంటుంది మరి! యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు సొంత సంకేతాలున్నాయి, అలంకరణ తీసేసినా అక్షరం చెదరదు.