చుట్టూ చూపించడంతో సరిపోదు

పెళ్లిళ్ల సీజను అయ్యాక బోసిపోయే ఫొటో స్టూడియోకి 360 ఫొటోల పని మంచి ఆసరా. హట్టి, లింగసుగూరు, సింధనూరు వైపు లాడ్జి, స్కూలు, కల్యాణ మండపం, ఎవరడిగినా మధ్యలో కెమెరా నిలబెట్టి తీసి, నాలుగు గదులూ కలిపి లింకు పంపేస్తాం. చూసేవాళ్లు గిర్రున ఒకసారి తిప్పి మూసేస్తారు. రెండోసారి తెరవరు. అందుకే మన రేటూ పెరగదు.

చూసేవాళ్లకి వచ్చే ప్రశ్నకు అక్కడే జవాబు దొరకాలి. ఇది కొత్త సంగతేం కాదు. 1787లో పనోరమాకు పేటెంటు తీసుకున్న రాబర్ట్ బార్కర్, లండన్ లెస్టర్ స్క్వేర్‌లో 1793లో గుండ్రటి భవనం తెరిచి లోపల చుట్టూ బొమ్మ చూపించాడు. ఏ కట్టడం ఏదో గుర్తుపట్టడానికి అలాంటి ప్రదర్శనల్లో అచ్చు కాగితాలు కూడా ఉండేవి. ఫొటో మీద మనం పెట్టే హాట్‌స్పాట్, అంటే నొక్కితే వివరం తెరుచుకునే చుక్క, ఆ కాగితానికి మనవడే.

హట్టి వాళ్లకు ఇందులో చేయి తిరగడానికి మస్కి కంటే మంచి చోటు లేదు. అక్కడి అశోకుని శాసనం ఉత్త ఫొటోలో గీతలు పడ్డ బండరాయిలా ఉంటుంది. దాని మీద మూడే చుక్కలు పెట్టండి. ఒకటి నొక్కితే అశోకుడి పేరున్న చోట బ్రాహ్మీ అక్షరాలు రంగులో తేలాలి, కింద తెలుగు లిపిలో ఉచ్చారణ రావాలి. బిరుదుతో పాటు అశోకుడనే పేరు కూడా మొదట దొరికింది ఈ రాతి మీదే కాబట్టి ఆ చుక్కకు అంత విలువ. రెండోది 1915 కథ. ఆ ఏడాది ఈ శాసనాన్ని కనిపెట్టిన బీడన్ బంగారు గనుల ఇంజినీరు! బంగారు గని ఉన్న హట్టి వాళ్లకి ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది? మూడోది ప్రాకృతం తెలిసినవారు చదివిన గొంతు. స్టాండు పెట్టేముందు పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి.

ఇక హట్టి గని. కంపెనీ రాతపూర్వక అనుమతి, వెంట వాళ్ల మనిషి లేకుండా లోపల తీసే మాటే ఎత్తకండి. బయటినుంచి చెప్పగలిగేదే బోలెడుంది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్‌గా మొదలైన ఈ కంపెనీకి ముందే, పూర్వులు ఇక్కడ సుమారు 640 అడుగుల లోతు దాకా దిగారు. నిప్పుతో రాతిని కాల్చి పగలగొట్టే పద్ధతి వాళ్లది. అర నిమిషం బొమ్మల వీడియోకి సరిపడే సంగతి. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి, హట్టి ఇంకా నడుస్తోంది. రిటైరైన కార్మికులు ఇక్కడే ఉన్నారు. మొదటిరోజు గని లిఫ్టు కేజ్‌లో దిగినప్పుడు ఎలా అనిపించిందో అడిగి, వాళ్ల ఒప్పుకోలుతో ఒక్క నిమిషం రికార్డు చేయండి. కన్నడమో తెలుగో ఉర్దూనో, వాళ్ల నోట వచ్చిన మాటే ఉంచండి. కింద అక్షరాల్లో అనువాదం వేస్తే వినలేనివాళ్లకీ పనికొస్తుంది. ఫోన్ బ్రౌజర్లు శబ్దాన్ని దానంతట అదే మోగనివ్వవు. అందుకని మొదటి తెర మీదే "వినండి" అన్న బటన్ పెట్టండి.

డబ్బొచ్చేది మాత్రం కల్యాణ మండపం దగ్గరే. ఇక్కడి క్యాంపు ఊళ్లలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ల చుట్టాలు గుంటూరులోనో అమెరికాలోనో కూర్చుని హాలు చూస్తారు. పంక్తికి ఎందరు కూర్చుంటారు, జనరేటర్ ఉందా, పెళ్లికూతురి గదికి బాత్రూం ఉందా, ఇవే వాళ్ల ప్రశ్నలు. ఖాళీ హాలూ అలంకరించిన హాలూ ఒకే బటన్‌తో మారేలా చేస్తే వెంటనే బేరం కుదురుతుంది. దానికి స్టాండు కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించి, ఎత్తు రాసిపెట్టుకోండి. రెండోసారి అంగుళం జరిగినా స్తంభాలు ఎగురుతాయి. ఆ టేపు మర్చిపోయి నేను ఒక హాలు మళ్లీ మొత్తం తీయాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్‌కి మొదట డబ్బు పెట్టకండి. పానెల్లమ్, మార్జిపానో ఉచితమే. ఫొటోల్ని ముక్కలుగా కోసి ఎక్కిస్తే పల్లె సిగ్నల్లోనూ త్వరగా తెరుచుకుంటాయి. చుక్కలు గదికి ఐదారు దాటాయంటే ఫొటోకి మశూచి వచ్చినట్టే. వివరాలు మార్చడానికి ఏటా ఎంత, హోస్టింగు ఖర్చు ఎవరిది అన్నవి పనికి ముందే కాగితం మీద పెట్టండి.

అప్పగించేముందు ఫోన్ మీ అమ్మగారి చేతికివ్వండి, పక్కన కూర్చుని నోరు మెదపకండి. ఆవిడ "ఇదేంట్రా?" అన్న చోట ఒక చుక్క పెట్టండి.