రాయి కోసే చేతులకి, ఊపిరి గురించి

గ్రానైట్ పని దిగాక గళ్ళ ఉమ్మితే అందులో దుమ్ము కనబడుతుంది. అది చూసి కంగారుపడే మేస్త్రీలు ఉన్నారు. నాకు మాత్రం ఉమ్ములో కనబడని దుమ్మంటేనే భయం.

పెద్ద రేణువుల్ని ముక్కు పట్టేస్తుంది. దాటినవి గాలిగొట్టం గోడల జిగురుకి అంటుకుంటాయి. ఆ గోడల నిండా కంటికానని రోమాలుంటాయి. బడిపుస్తకాల్లో శైలికలంటారు. సెకనుకు 10 నుంచి 15 సార్లు, గాలికి వరిచేను వంగినట్టు వరసగా ఊగుతూ, దుమ్ము పట్టిన జిగురుని గొంతు దాకా తోసుకొస్తాయి. అక్కణ్ణుంచి ఉమ్మేస్తాం, లేదా తెలియకుండానే మింగేస్తాం. నిద్రలోనూ ఈ పని ఆగదు.

ఊపిరితిత్తుల చివరి గాలిగదుల్లో మాత్రం ఈ రోమాలు లేవు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 5 మైక్రాన్లలోపు రేణువు అంత లోతుకీ చేరగలదు. అక్కడ కాపలా కణాలు దుమ్ముని మింగేస్తాయి. అయితే రాతిలోని సిలికాని మింగిన కణం తానే చస్తుంది. సిలికా బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఇలా జరిగిన చోటల్లా మచ్చ గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. ఆ మచ్చ మందులకు కరగదు, పైగా క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. వంటగదుల్లో వేసే క్వార్ట్జ్ పలకల్లో 90 శాతం దాకా సిలికా ఉండొచ్చు. ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి వాటిని నిషేధించింది.

బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందంటారు. బెల్లం పోయేది అన్నం పోయే దారిన. గాలిదారిలో దానికి పనిలేదు. ముక్కుకి చుట్టిన తువ్వాలు కూడా సన్నదుమ్ముని ఆపలేదు.

ఆపేది నీళ్ళు. నీటిగొట్టం బిగించే కట్టరే కావాలని కాంట్రాక్టరుని అడగండి. మామూలు గ్రైండర్ మీద మగ్గుతో నీళ్ళు పోస్తే షాక్ కొడుతుంది, ఆ పని చేయకండి. తడి కట్టర్‌నైనా, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న లైనుకే తగిలించండి. నీళ్ళతో కోసినా ఎన్95 మాస్కు ఉండాల్సిందే, రెండు పట్టీలూ తలకి బిగించి. గడ్డం ఉంటే పక్కల్నుంచి గాలి దూరుతుంది. పని దిగాక పొడి చీపురు పట్టొద్దు, తడిపి ఎత్తండి. ఆ బట్టలు ఇంట్లో దులిపితే పిల్లలు పీలుస్తారు, సైటులోనే మార్చుకోండి.

బీడీ పొగ ఆ రోమాల్ని మందగింపజేస్తుంది. దుమ్ము తోసే చీపురుని మనమే విరిచేసినట్టు. మానేసిన కొత్తలో దగ్గు, గళ్ళ పెరగొచ్చు. రోమాలు మళ్ళీ పనిలో దిగుతున్నాయని ఓపిక పట్టండి.

పొడిదగ్గు వారాల తరబడి వదలకపోయినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏ రాయి, ఎన్నేళ్ళుగా కోస్తున్నారో అడక్కముందే చెప్పండి. ఎక్స్‌రేలో మచ్చని ఏ కంటితో చూడాలో ఆయనకి అప్పుడే తెలుస్తుంది.