జొన్నగిరి బంగారం, జీతం డబ్బు

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు. వజ్రాల వేట. పక్క జిల్లాల నుంచి సద్దిమూటలు కట్టుకొచ్చి చెట్ల కిందే మకాం పెట్టేవాళ్లూ ఉంటారు. అదే జొన్నగిరి నేల కింద బంగారం కోసం ఇంకో వేట ఏళ్లుగా నడుస్తోంది. దానికి నడుం వంచక్కర్లేదు, డీమ్యాట్ ఖాతా ఉంటే చాలు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని, "మన సీమలో బంగారం పడిందంట" అని డెక్కన్ గోల్డ్ మైన్స్ షేరు కొనేవాళ్లు ఆ వేటగాళ్లే. కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. చేతికి ఏమొస్తోందో మాత్రం చూసుకుని కొనండి.

జొన్నగిరి లీజు డెక్కన్ గోల్డ్ పేరున లేదు. జియోమైసూర్ సర్వీసెస్ అనే ప్రైవేటు కంపెనీది అది. అందులో డెక్కన్ గోల్డ్‌కి ఉన్నది సుమారు 40 శాతం వాటా. ఆ వాటా కూడా చాలామటుకు నగదు పెట్టి కొన్నది కాదు, కొత్త షేర్లు సృష్టించి ఇచ్చి తెచ్చుకున్నది. పూర్తి స్థాయిలో నడిస్తే ఏడాదికి 750 కిలోల దాకా తీయొచ్చని కంపెనీ చెబుతూ వచ్చింది. లెక్క తేలిగ్గా ఉండాలని పది గ్రాములు లక్ష అనుకుందాం. 750 కిలోలంటే 750 కోట్లు. ఇక్కడే చాలామంది కళ్లు మెరుస్తాయి. అది మొత్తం గని అమ్మకం. మీ కంపెనీ వాటా 40 శాతం, అదీ అమ్మకంలో కాదు, ఖర్చులన్నీ పోయాక లాభం మిగిలితే అందులో. తవ్వకం, కరెంటు, రసాయనాలు, అప్పుల మీద వడ్డీ, ప్రభుత్వానికి 4 శాతం రాయల్టీ, ఇవన్నీ ముందు వరసలో నిలబడి ఉంటాయి. చివరి వరసలో మీరు.

ఇక ఓపిక సంగతి. జొన్నగిరికి లీజు వచ్చింది 2013లో. ఒక పుష్కరం తిరిగి 2025 వచ్చినా పెద్ద ప్లాంటు అదిగో ఇదిగో అన్న వార్తలే. డెక్కన్ గోల్డే కర్ణాటకలో హావేరి జిల్లా గణజూరు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసింది. 2015లో గనుల చట్టం మారి వేలం పద్ధతి వచ్చింది. అప్పటికే అన్వేషణ చేసినవాళ్లకు మిగిల్చిన హక్కును 2021 సవరణ తీసేసింది. గణజూరు ఆశ దెబ్బతిన్నది అక్కడే. నేల కింద బంగారం ఎక్కడికీ పోలేదు, తవ్వే హక్కు పోయింది. కాబట్టి ఏ గని షేరు కొనేముందైనా లీజు ఎవరి పేరున ఉంది, పర్యావరణ అనుమతి వచ్చిందా, భూమి చేతికొచ్చిందా అని చూడండి. రాయి నాణ్యత ఆ తర్వాతి మాట.

అన్నిటికన్నా ఎక్కువగా చిన్న మదుపరిని ముంచేది గని విఫలం కావడం కాదు. గని బాగుపడుతుండగానే ఆయన వాటా కరిగిపోవడం. చిన్న గనుల కంపెనీకి అమ్ముకోవడానికి లోహం ఉండదు. ఉన్నదల్లా తన షేర్లే. డ్రిల్లింగుకి డబ్బు కావాలి, షేర్లు అమ్ముతుంది. జీతాలకు కావాలి, మళ్లీ అమ్ముతుంది. ప్లాంటుకి కావాలి, ఇంకా అమ్ముతుంది. ఊహకి ఒక లెక్క. పది కోట్ల షేర్లు, ఒక్కోటి 50 రూపాయలు. కంపెనీ విలువ 500 కోట్లు. నాలుగేళ్లలో పని ముందుకు సాగి విలువ 800 కోట్లయింది, ఈలోగా షేర్లు ఇరవై కోట్లయ్యాయి. ఒక్కో షేరు 40 రూపాయలు. కంపెనీ అరవై శాతం పెరిగింది, మీరు ఇరవై శాతం నష్టపోయారు. ఎవరూ మోసం చేయలేదు. పేపర్లో అన్నీ శుభవార్తలే వచ్చాయి.

అందుకే ఆర్నెల్ల, ఏడాది ఫలితాలు వచ్చినప్పుడు రెండే అంకెలు ముందు వెతకండి. చేతిలో నగదు ఎంత, నెలకు ఖర్చు ఎంత. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఇంకెన్ని నెలలకు మళ్లీ చెయ్యి చాస్తారో తెలిసిపోతుంది. ఆ తర్వాత షేర్ల సంఖ్య: మూడేళ్ల కిందట ఎంత, ఇప్పుడెంత, ఇంకా షేర్లుగా మారాల్సిన వారంట్లు ఎన్ని. ఇంట్లో పాలవాడి లెక్క చూసుకునేవాళ్లకు ఇదేం కష్టం కాదు.

డ్రిల్లింగ్ ఫలితాల ప్రకటన చదవడం కూడా నేర్చుకోవాలి. "60 మీటర్ల మేర టన్నుకు 1.2 గ్రాములు, అందులో 2 మీటర్లు టన్నుకు 30 గ్రాములు" అని రాస్తారనుకోండి. అరవైని 1.2తో గుణిస్తే 72. రెండుని ముప్ఫైతో గుణిస్తే 60. అంటే మిగిలిన 58 మీటర్లకు దక్కింది 12, టన్నుకు 0.2 గ్రాములు. ఒక సన్నని బంగారు చారను అరవై మీటర్ల పొడవునా పులిమారన్నమాట. అబద్ధం ఒక్కటి లేదు, కానీ మొదటి ముక్క చదివి కొన్నవాడు మునిగాడు. గ్రేడు అనే మాటను కూడా తూచి చూసుకోండి. టన్నుకు గ్రామున్నర ఉండి, అందులో 90 శాతం బయటికి తీయగలిగితే, పది గ్రాముల ఉంగరానికి దాదాపు ఏడున్నర టన్నుల రాయి పిండి చేయాలి.

"నిల్వలు బయటపడ్డాయి" అన్న శీర్షికకి ఇంకో రకం జాగ్రత్త. 2023 ఫిబ్రవరిలో జమ్మూ ప్రాంతంలోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం వనరులని ప్రకటించారు. దేశమంతా పండగ చేసుకుంది. అది జీ3 దశ, అంటే ప్రాథమిక అంచనా. జీ4 నుంచి జీ1 దాకా మెట్లుంటాయి, అంకె తగ్గేకొద్దీ నమ్మకం పెరుగుతుంది. ఆ బ్లాకుని వేలం పెడితే చాలినంతమంది పాటదారులు రాక రద్దు చేయాల్సొచ్చింది. పెద్ద కంపెనీలు చూసి వెనక్కి తగ్గిన దశలోనే చిన్న మదుపరి ఎగబడుతుంటాడు.

కెనడాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లకు ఇలాంటి కంపెనీలు వందల్లో దొరుకుతాయి. వాళ్లు బ్రె-ఎక్స్ కథ తెలుసుకోవాలి. కాల్గరీ కంపెనీ, ఇండోనేషియాలో బూసాంగ్ గని. నమూనాల్లో బంగారు పొడి కలిపి, లేని గనిని ఉన్నట్టు చూపించారు. 1997లో కూలినప్పుడు ఒంటారియో ఉపాధ్యాయుల పెన్షన్ నిధి కూడా నష్టపోయింది. మామూలుగా డ్రిల్లింగులో వచ్చిన రాతి కడ్డీని నిలువునా చీల్చి సగం దాచి ఉంచుతారు, ఎవరైనా మళ్లీ పరీక్షించుకోవచ్చని. అక్కడ మొత్తం పొడి చేసేశారు. ఆ దెబ్బతోనే కెనడాలో గని వివరాలు ఎలా ప్రకటించాలో చెప్పే 43-101 నిబంధనలు పుట్టాయి. సాంకేతిక నివేదిక కింద సంతకం పెట్టిన నిపుణుడు కంపెనీ మనిషా, బయటి మనిషా అని చూడటం అప్పటి నుంచి అలవాటు. మీరూ చూడండి.

జీతగాళ్లు ఎంత పెట్టొచ్చు? పోయినా ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు కదలకుండా ఉండేంత. నా మటుకు అది మొత్తం పొదుపులో నూటికి రెండు, మూడు దాటకూడదు. పర్సనల్ లోన్ తీసి కొనడం, పీఎఫ్ విత్‌డ్రా చేసి కొనడం అసలొద్దు. అనుకున్నదాంట్లో సగమే ముందు పెట్టండి, ఎందుకంటే ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మజూపే రైట్స్ ఇష్యూ ఎదురయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు డబ్బు లేకపోయినా ఊరుకోకండి. మీ డీమ్యాట్‌లో పడే రైట్స్ హక్కుని గడువులోగా మార్కెట్లో అమ్ముకోవచ్చు. చాలామంది ఆ మెసేజ్ చూడకుండా వదిలేసి ఉత్త పుణ్యానికి పోగొట్టుకుంటారు. ఇంకోటి, చెడ్డ వార్త వచ్చిన రోజున ఇలాంటి షేరు లోయర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకి పడనిచ్చే అతి తక్కువ ధర దగ్గర, ఇరుక్కుంటే అమ్మకానికి పెట్టినా కొనేవాడుండడు. పెళ్లి ముహూర్తానికి కావలసిన డబ్బు ఇందులో ఉంచకూడదనేది అందుకే.

ఈ కంపెనీల్లోనే, వాటి శాంపిల్స్ చూసే ల్యాబుల్లోనే ఉద్యోగం చేసే పిల్లలకూ ఒక మాట. ఫలితం ఎక్స్ఛేంజీకి వెళ్లకముందే బావమరిదికి వాట్సాప్ పెడితే అది సాయం కాదు, సెబీ 2015 నిబంధనల కింద ఇన్‌సైడర్ ట్రేడింగ్. సమాచారం ఇచ్చినవాడూ దొరుకుతాడు, కొన్నవాడూ దొరుకుతాడు. ఉద్యోగం పోవడం అందులో చిన్న నష్టం.

షేరు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు ఏటా జరిగే వాటాదారుల సమావేశం (ఏజీఎం) నోటీసుని చెత్త మెయిల్ అనుకుని కొట్టేయకండి. సమావేశం వీడియోలో జరిగేటప్పుడు, మాట్లాడాలనుకునే వాటాదారు ముందుగా పేరిచ్చుకునే పద్ధతీ గడువూ అందులోనే రాసి ఉంటాయి. వంద షేర్లున్నవాడికీ ఆ అవకాశం ఉంది. పేరిచ్చుకుని, బంగారం ధర మీద ఉపన్యాసం అడక్కుండా, "చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలలకు వస్తుంది, తర్వాతి డబ్బు అప్పుగా తెస్తారా, కొత్త షేర్లు అమ్మి తెస్తారా?" అని అడగండి.