డేటా వచ్చేస్తుంది... లెక్కే కుదరదు

నాయుడుపేట బజారులో వెంకటగిరి చీరల దుకాణం ఒకటి ఉందనుకుందాం. యజమాని గూగుల్‌లో కొంత, ఇన్‌స్టాగ్రామ్‌లో కొంత ప్రకటనలకు ఖర్చుపెడతాడు. నెలాఖరుకు గూగుల్ ముప్ఫై చీరలు తన పుణ్యమేనంటుంది. ఇన్‌స్టాగ్రామ్ ఇరవై అయిదు తన ఖాతాలో వేసుకుంటుంది. తీరా బిల్లు పుస్తకం తిప్పితే మొత్తం అమ్మింది నలభై. ఖర్చు సంగతి చూద్దామంటే, బ్యాంకులోంచి పోయిన సొమ్ము ఆ రెండు రిపోర్టుల్లో చూపించినదాని కంటే ఎక్కువ! ఈ నాలుగు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడిదో చెప్పగలిగిన మనిషికి ఇవాళ కంపెనీల్లో పని ఉంది.

నలభై చీరల దగ్గర యజమానే వేళ్ల మీద లెక్కేసుకుంటాడు. ఆన్‌లైన్లో దేశమంతా అమ్మే సంస్థకు అది కుదరదు. రోజూ వందల ప్రకటనలు, లక్షల క్లిక్కులు, నాలుగైదు వేదికలు. ఆ సమాచారమంతా రోజూ తనంతట తానే ఒకచోటికి చేరాలి. చేరే చోటు క్లౌడ్ డేటా వేర్‌హౌస్: గూగుల్ వారి బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్, అమెజాన్ రెడ్‌షిఫ్ట్ లాంటివి. చేర్చే సాధనం కనెక్టర్. దాన్ని అమర్చి, నడిపించి, వచ్చిన అంకెలకు పూచీ పడేవారిని డేటా ఇంజినీరనీ, అనలిటిక్స్ ఇంజినీరనీ, మార్కెటింగ్ అనలిస్టనీ కంపెనీని బట్టి రకరకాలుగా పిలుస్తారు. ఉద్యోగ ప్రకటనల్లో హోదా పేరును కాక, కింద రాసిన పనిని చదవాలి.

ఈ ఆన్‌లైన్ ప్రకటనల వ్యాపారం తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. 2004 ప్రాంతంలో గూగుల్ హైదరాబాదులో అడుగుపెట్టింది. 2010లో ఫేస్‌బుక్ భారతదేశంలో తన మొదటి కార్యాలయాన్ని హైదరాబాదులోనే తెరిచింది. ప్రకటనదారులకు తోడ్పడటం అక్కడి ముఖ్యమైన పనుల్లో ఒకటి. ప్రకటనలకూ వేర్‌హౌస్‌కూ ఉన్న చుట్టరికం తెలియాలంటే శ్రీధర్ రామస్వామి ఉద్యోగ ప్రస్థానం చూస్తే చాలు. మద్రాసు ఐఐటీలో చదివి, ఏళ్ల తరబడి గూగుల్ ప్రకటనల విభాగాన్ని నడిపిన ఆయన 2024 ఫిబ్రవరిలో స్నోఫ్లేక్ సీఈఓ అయ్యారు.

ఇక కనెక్టర్ దగ్గరికి వద్దాం. గూగుల్ యాడ్స్ నుంచి బిగ్‌క్వెరీకి డేటా తెచ్చే ట్రాన్స్‌ఫర్ సర్వీసును గూగుల్ 2017లో తెచ్చింది. అమర్చడం నిజంగా చిన్న పని. యాడ్స్ ఖాతాను చూసేందుకు అనుమతి ఉండాలి, ఆ ఖాతాకున్న పదంకెల కస్టమర్ ఐడీ కావాలి, బిగ్‌క్వెరీలో ఒక డేటాసెట్ తెరవాలి, రోజూ ఎన్ని గంటలకు నడవాలో చెప్పాలి. అంతే. కాస్త ఇంగ్లిషు చదవగలిగిన ఇంటర్ కుర్రాడైనా ఓ పూటలో చేసేస్తాడు. డేటాసెట్ ఏ ప్రాంతంలో ఉండాలో మాత్రం ముందే ఆలోచించుకోవాలి. ఒకసారి అమెరికా అని ఎంచుకుంటే తర్వాత ముంబయికి మార్చే వీలుండదు, కొత్తది తెరిచి కాపీ చేసుకోవాల్సిందే.

అసలు చదువు మర్నాడు పొద్దున మొదలవుతుంది.

టేబుల్ తెరవగానే ఖర్చు గడిలో 45,00,00,000 కనిపిస్తుంది. నలభై అయిదు కోట్లు! గుండె గుభేలుమంటుంది. నిజానికి ఖర్చయింది 450 రూపాయలే. గూగుల్ యాడ్స్ డబ్బును మైక్రోస్‌లో రాస్తుంది, అంటే రూపాయికి పది లక్షల మైక్రోస్. పది లక్షలతో భాగిస్తేనే అసలు మొత్తం వస్తుంది. సరే, భాగించాం. ఆ నెల మొత్తం 10,000 అని తేలింది. బ్యాంకు స్టేట్‌మెంటులో మాత్రం 11,800 పోయినట్టుంది. తేడా 1,800 ఎవరూ తినేయలేదు. రిపోర్టులో కనిపించే ఖర్చులో జీఎస్టీ ఉండదు, దాని మీద 18 శాతం పన్ను విడిగా పడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక మార్కెటింగ్ వాళ్లూ అకౌంట్స్ వాళ్లూ నెలాఖరున కొట్లాడుకుంటారు. బీకాం చదివినవారికి ఇక్కడ ఇంజినీరింగ్ వారి మీద చిన్న పైచేయి ఉంటుంది, దాన్ని వాడుకోవడం వాళ్ల చేతిలో పని.

ఇంతకంటే లోతైన చిక్కు ఇంకొకటుంది. సోమవారం ఒకరు ప్రకటన మీద క్లిక్ చేశారు, గురువారం చీర కొన్నారు. గూగుల్ ఆ అమ్మకాన్ని గురువారం కింద రాయదు, క్లిక్ పడిన సోమవారం కింద రాస్తుంది. కాబట్టి మంగళవారం చూసిన సోమవారం లెక్క శుక్రవారానికి మారిపోతుంది. కనెక్టర్ పాడైందని కంగారు పడనక్కర్లేదు, దాని నడకే అంత. అందుకే ట్రాన్స్‌ఫర్ నడిచిన ప్రతిసారీ వెనకటి రోజుల్ని కూడా మళ్లీ తెచ్చుకుంటుంది. దీన్ని రిఫ్రెష్ విండో అంటారు. మామూలుగా ఏడు రోజులు, గరిష్ఠంగా ముప్ఫై. క్లిక్ తర్వాత ముప్ఫై రోజుల్లోపు జరిగిన కొనుగోళ్లను లెక్కలోకి తీసుకునే ఖాతాకు విండోను ఏడు దగ్గరే వదిలేస్తే, ఆ ఏడు రోజులు దాటాక జరిగిన అమ్మకాలు వేర్‌హౌస్‌లోకి రానే రావు. ఎర్ర దీపం వెలగదు, హెచ్చరిక మెయిల్ రాదు, అమ్మకాలు తక్కువగా కనిపిస్తాయంతే. ఖాతా తెరిచిన నాటి పాత లెక్కలు కావాలన్నా తమంతట తాము రావు, బ్యాక్‌ఫిల్ అడగాలి.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌ల సొంతదారు మెటా ప్రకటనలది వేరే గోల. క్లిక్ తర్వాత ఏడు రోజుల్లో కొన్నా, ప్రకటనను ఊరికే చూసి ఒక రోజులో కొన్నా తన ఘనతేనని మామూలు అమరికలో అది లెక్కేసుకుంటుంది. ఒకే మనిషి ఇన్‌స్టాగ్రామ్‌లో చీర చూసి, ఆనక గూగుల్‌లో వెతికి కొంటే ఇద్దరూ చెరొక అమ్మకం రాసుకుంటారు. మొదట్లో చెప్పిన దుకాణంలో నలభై చీరలు యాభై అయిదు అయింది ఇలాగే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండు వేదికల అమ్మకాలనూ కూడి చూపించిన అనలిస్టుదే తప్పు.

ఇవన్నీ ఉద్యోగంలో చేరాక నేర్చుకోవచ్చులే అనుకునేవారికి ఒక సంగతి. గూగుల్ యాడ్స్‌కు యాడ్‌వర్డ్స్ అని పేరున్నప్పటి ఏపీఐని, అంటే ప్రోగ్రాములు డేటా తెచ్చుకునే దారిని, గూగుల్ 2022 ఏప్రిల్‌లో మూసేసింది. దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములను కొత్త ఏపీఐకి తగ్గట్టు తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఈ తలనొప్పి పడలేకే కంపెనీలు ఫైవ్‌ట్రాన్, బెంగళూరు నుంచి ఎదిగిన హెవో, ఓపెన్ సోర్సులో వచ్చిన ఎయిర్‌బైట్ లాంటి రెడీమేడ్ కనెక్టర్ల వైపు వెళ్తున్నాయి. బటన్లు నొక్కే పని రోజురోజుకీ తేలికవుతోంది, కృత్రిమ మేధ వచ్చాక కోడ్ రాయడమూ అంతే. విలువ మిగిలేది అంకెల్లో తేడా పట్టుకోగలిగినవారికే. కాబట్టి ఫలానా టూలు నేర్పిస్తామంటూ వేలకు వేలు గుంజే కోర్సుల జోలికి పోయే ముందు రెండుసార్లు ఆలోచించాలి. ఆ డబ్బుతో పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకోవడం మేలు.

నాయుడుపేట విద్యార్థికి దారి ఏమిటి? జిల్లాల విభజన తర్వాత ఊరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, రాకపోకలు మాత్రం నెల్లూరుకూ చెన్నైకీ మునుపటిలాగే సాగుతున్నాయి. చదువు ముగిశాక మేనకూరు సెజ్‌లోని ఫ్యాక్టరీలు, శ్రీసిటీ, లేదంటే చెన్నై రైలు: చాలామందికి కళ్లెదుట కనిపించే దారులు ఇవే. గూడూరు, సూళ్లూరుపేట కాలేజీల్లో ఇంజినీరింగ్ చేస్తున్నవారికైనా, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ చదువుతున్నవారికైనా ఈ రంగంలోకి మొదటి మెట్టు డేటాబేస్‌లను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్. జాయిన్, గ్రూప్ బై, విండో ఫంక్షన్లు నిద్రలో లేపి అడిగినా రాయగలగాలి. తర్వాత ఓ మోస్తరు పైథాన్.

సాధనకు పైసా అక్కర్లేదు. బిగ్‌క్వెరీ శాండ్‌బాక్సుకు క్రెడిట్ కార్డు అడగరు. నెలకు ఒక టెరాబైటు క్వెరీలు, 10 జీబీ నిల్వ ఉచితం. రెండు పరిమితులు తెలుసుకుని దిగాలి. అందులో టేబుళ్లు అరవై రోజులకు చెరిగిపోతాయి. ట్రాన్స్‌ఫర్ సర్వీసు అసలు పనిచేయదు, దానికి బిల్లింగ్ ఖాతా కావాలి. అందుకని మొదట్లో యాడ్స్ రిపోర్టును సీఎస్‌వీగా దించుకుని చేత్తో ఎక్కించుకోవచ్చు. గూగుల్ తన సొంత సరుకుల దుకాణం తాలూకు 2020 నవంబరు నుంచి 2021 జనవరి వరకు ఉన్న అనలిటిక్స్ డేటాను, వ్యక్తుల వివరాలు బయటపడకుండా మార్చి, బిగ్‌క్వెరీలో అందరికీ తెరిచి ఉంచింది. మూడు నెలల నిజమైన వ్యాపారం తీరు అందులో చూడొచ్చు.

దానికంటే మంచిది ఊళ్లోనే దొరుకుతుంది. ప్రకటనలు ఇచ్చే దుకాణమో, కోచింగ్ సెంటరో, ఆక్వా మేత డీలరో తెలిసినవారుంటే, చూసేందుకు మాత్రమే అనుమతి ఇమ్మని అడిగి మూడు నెలల లెక్కను బిల్లు పుస్తకంతో సరిపోల్చి ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్ చేయాల్సిన డిగ్రీ విద్యార్థులు ముందుగా కాలేజీతో మాట్లాడుకుంటే ఇదే ప్రాజెక్టుగా పనికిరావచ్చు. ప్రకటన ఫారాల్లో జనం నింపిన ఫోన్ నంబర్ల జోలికి మాత్రం వెళ్లకూడదు. ఖర్చు, క్లిక్కులు, అమ్మకాల మొత్తాలు చాలు. వ్యక్తిగత సమాచారం మీద 2023లో చట్టం వచ్చింది, ఆ సమాచారాన్ని ఎలా వాడారన్నది ఇంటర్వ్యూలోనూ అడగొచ్చు.

రెజ్యుమేలో ‘బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్ తెలుసు’ అని రాస్తే చదివేవారి కన్ను దాటుకుని పోతుంది. ‘ఒక చీరల దుకాణానికి రెండు వేదికల ప్రకటనల డేటాను కలిపాను, జీఎస్టీతో సహా ఖర్చును బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చాను, రెండుసార్లు లెక్కకొచ్చిన అమ్మకాలను విడదీశాను’ అన్న మాట, నిజంగా చేసి రాస్తే, ఇంటర్వ్యూ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. రాసిన క్వెరీలను గిట్‌హబ్‌లో పెట్టే ముందు దుకాణం పేరు, కస్టమర్ ఐడీ, పాస్‌వర్డులు, టోకెన్లు తీసేశారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.