నడుం పట్టేసిన రోజే కాగితం పెట్టండి

విశాఖ రేవులో బస్తాలు మోసే కళాసీకైనా, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టరు కింద ఇనుప సామాను ఎత్తే కూలీకైనా నడుంనొప్పి కొత్త కాదు. వంగి, అదే ఊపులో పక్కకు తిరిగి బరువెత్తడం, ఆ పనే గంటలకొద్దీ చేయడం, డంపర్లు నడిపేవాళ్లకు ఒళ్లంతా పాకే అదురు దీనికి కారణాలని వైద్యులు ఏనాడో తేల్చారు. మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. అయినా పరిహారం మాటెత్తితే ‘అది జబ్బు, ప్రమాదం కాదు’ అన్న జవాబే వస్తుంది. ఇందులో సగమే నిజం. 1923 నాటి పరిహార చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో నడుంనొప్పి లేదు. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ లేదు.

కానీ ప్రమాదమంటే పైనుంచి ఇనుపదిమ్మె పడటమే కాదు. మన చట్టానికి మూలమైన బ్రిటిష్ చట్టం కింద, బిగుసుకుపోయిన చక్రం తిప్పబోయి హెర్నియా తెచ్చుకున్న కార్మికుడికి జరిగింది ప్రమాదమేనని ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) 1903లో తీర్పు చెప్పింది. కాబట్టి బస్తా ఎత్తుతుండగా కలుక్కుమన్న నడుమూ ఆ కోవలోకే వస్తుంది. ‘మీ వెన్ను ముందే అరిగింది’ అనే వాదనకూ 1910లో అక్కడే జవాబు దొరికింది. అప్పటికే ఉబ్బి ఉన్న రక్తనాళం నట్టు బిగిస్తుండగా పగిలి ఒకతను చనిపోతే, పాత జబ్బుందని పరిహారం ఆపలేదు. ఏళ్ల తరబడి మెల్లగా పెరిగిన నొప్పి మాత్రం, ఫలానా ఘటన వల్ల వచ్చిందని చూపలేకపోతే, కేసుగా నిలవడం కష్టం. నా దృష్టిలో ఇది చట్టంలోని లోపమే.

అందుకే తేదీ, సమయం, ఎత్తిన బరువు రాసి, ఆ రోజే యాజమాన్యానికి ఇచ్చి నకలుపై సంతకం తీసుకోండి. కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) వెళ్లినా, ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లినా ఓపీ చీటీలో ‘పనిలో బరువెత్తుతుండగా’ అని రాయించుకోండి. ‘నడుంనొప్పి, మూడు రోజుల విశ్రాంతి’ అని మాత్రమే ఉన్న చీటీ తర్వాత అక్కరకు రాదు. పరిహారం లెక్క నొప్పిని బట్టి కాదు, సంపాదనాశక్తి ఎంత శాతం తగ్గిందని డాక్టరు ధ్రువీకరించారన్న దాన్ని బట్టే ఉంటుంది. ఈఎస్ఐ ఉన్నవాళ్లు ఆ సంస్థనే అడగాలి; లేనివాళ్లు రెండేళ్లలోపు క్లెయిము వేయాలి. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే, తన వ్యాపారంలో భాగమైన పనిని అతనికి అప్పగించిన అసలు యాజమాన్యాన్నీ అడగొచ్చు. పని పోతుందన్న భయం ఉత్తది కాదు, నిజమే. అయితే కాగితం పెట్టడమంటే కేసు వేయడం కాదు. వేసే హక్కును నిలుపుకోవడం. పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.