గోల్ఫ్ స్వింగ్ నేర్పిన చదువు



నేను ఈ హాస్టల్లో 6వ తరగతి నుండి 10వ తరగతి వరకు చదువుకున్నాను. ఈ సంవత్సరం మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఎ. పూర్తి చేశాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం లాంటిది రాయమని వార్డెన్ సార్ అడిగితే, గోల్ఫ్ ఆట గురించి రాస్తానన్నాను. సార్ నవ్వి, "మన పిల్లలకు కబడ్డీ, వాలీబాల్ చాలవా?" అన్నారు. నిజమే, అది డబ్బున్నవాళ్ల ఆట. నేను కూడా ఆడటానికి వెళ్లలేదు. డిగ్రీ మొదటి సంవత్సరం ఇంగ్లీషు పేపరు తప్పి, ఇక చదువు మానేద్దామనుకుని, ఆ వేసవిలో హైదరాబాదులో ఒక గోల్ఫ్ మైదానంలో బంతులు ఏరే పనికి కుదిరాను. అక్కడ రెండు నెలలు చూసిన దాని వల్లే మళ్లీ పుస్తకం పట్టాను. అదేమిటో మీకు చెప్పాలని ఈ వ్యాసం.

ఆట సంగతి

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. వ్యాసం 42.67 మి.మీ.కు తగ్గకూడదు. ఆ బంతిని క్లబ్ అనే కర్రతో కొట్టుకుంటూ వెళ్లి, వందల మీటర్ల అవతల ఉన్న 108 మి.మీ. వెడల్పు గుంటలో వేయాలి. సాధారణంగా 18 గుంటలు ఆడతారు. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వారే విజేత.

క్లబ్‌ను వెనక్కి ఎత్తి, కిందికి దించి, బంతిని కొట్టి, భుజం మీదుగా ముగించే మొత్తం కదలికను స్వింగ్ అంటారు. బంతి కదలదు, ఎదుటివాడు అడ్డు రాడు. ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. కాని క్లబ్ బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు మాత్రమే. బంతి ఎటు బయలుదేరుతుందనేది చాలావరకు ఆ క్షణంలో క్లబ్ ముఖం ఎటు చూస్తోందనే దాని మీద ఆధారపడుతుంది. 10వ తరగతి తమ్ముళ్లు త్రికోణమితితో లెక్క వేసి చూడండి: బంతి 2 డిగ్రీలు తప్పి వెళితే, 200 మీటర్ల దూరానికి వెళ్లేసరికి దాదాపు 7 మీటర్లు పక్కకు పడుతుంది. ఒక్కసారి బాగా కొట్టడం ఎవరికైనా కుదురుతుంది. ప్రతిసారీ అలాగే కొట్టడమే విద్య.

రేంజ్‌లో ఇద్దరు

సాధన కోసమే వరుసగా నిలబడి బంతులు కొట్టే చోటును డ్రైవింగ్ రేంజ్ అంటారు. నా పని అక్కడే. రోజూ సాయంత్రం ఇద్దరు వచ్చేవారు.

మొదటి ఆయన రెండు వందల బంతులు కొట్టేవారు. ఒకటి కింద పడకముందే రెండోది కొట్టేవారు. ప్రతి బంతీ గాలిలో కుడివైపుకు వంగి పోయేది. దీన్ని స్లైస్ అంటారు. కుడికి పోతోందని ఆయన ఇంకా ఎడమకు తిరిగి నిలబడేవారు. క్లబ్ అడ్డంగా కోసినట్టు వచ్చి బంతి ఇంకా ఎక్కువ వంగేది.

రెండో ఆయన నలభై బంతులే కొట్టేవారు. పాదాల ముందు ఒక కర్ర నేల మీద పెట్టి, తాను ఎటు చూసి నిలబడ్డారో సరిచూసుకునేవారు. కొట్టాక బంతి పడేదాకా చూసేవారు. ఆగి ఆలోచించి, తర్వాతే ఇంకో బంతి. రెండు నెలల తర్వాత మొదటి ఆయన అక్కడే ఉన్నారు. రెండో ఆయన బంతులను నేను ఒకే చోట కుప్పగా ఏరుకునేవాడిని.

అక్కడ నేర్పే పెద్దాయనను అందరం కాకా అనేవాళ్లం. ఆయన బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు క్యాడీగా, అంటే ఆటగాళ్ల క్లబ్ సంచి మోసే కుర్రవాడిగా చేరి, చూసి చూసి ఆట నేర్చుకున్నాడు. మొదటి ఆయన గురించి నేను అడిగితే, "గాయన తప్పునే పక్కా చేసుకుంటున్నడు బిడ్డా. రెండు వందల సార్లు తప్పు కొడితే, తప్పే బాగొస్తది" అన్నాడు.

క్యాడీలను తక్కువగా చూడకండి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచారు. ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. 1993లో మళ్లీ గెలిచారు. ఒకప్పుడు క్యాడీగా పనిచేసిన బెంగళూరు ఆటగాడు సి. మునియప్ప 2009లో గెలిచారు.

తప్పు ఎలా తెలుస్తుంది?

కాకా నాలుగు ఆనవాళ్లు చూడమనేవాడు.

1. బంతి పోయిన తీరు: మొదట ఎటు బయలుదేరిందో చూస్తే క్లబ్ ముఖం ఎటు ఉందో తెలుస్తుంది. తర్వాత ఎటు వంగిందో చూస్తే ముఖానికీ, క్లబ్ వచ్చిన దారికీ ఉన్న తేడా తెలుస్తుంది.

2. లేచిన గడ్డి: క్లబ్ నేలను కోసిన గుర్తు ఏ వైపుకు ఉందో చూస్తే, క్లబ్ ఏ దారిన వచ్చిందో అంచనా వేయవచ్చు.

3. పౌడర్ గుర్తు: క్లబ్ ముఖానికి కొంచెం పౌడర్ పూసి కొడితే, బంతి మధ్యలో తగిలిందో అంచున తగిలిందో కనిపిస్తుంది.

4. ఇంకొకరి కన్ను: మనం చేతులు నిటారుగా ఉంచామనే అనుకుంటాం. పక్కవాడు చూస్తే మోచేయి వంగి ఉంటుంది. సెల్‌ఫోన్ వీడియో కూడా ఈ పని చేస్తుంది.

ఒక రోజుకు ఒక్క తప్పే చెప్పేవాడు కాకా. పట్టు గురించి చెప్పిన రోజు నడుము మాట ఎత్తేవాడు కాదు. కొన్నాళ్లయ్యాక అటు తిరిగి నిలబడి, "ఎటు పోయిందో, ఎందుకు పోయిందో నువ్వే చెప్పు" అనేవాడు.

పుస్తకాలు ఏమంటున్నాయి?

తర్వాత ఎం.ఎ.లో ఇవే సంగతులు పాఠాలుగా చదివి ఆశ్చర్యపోయాను. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ 1927లో ప్రచురించిన ప్రయోగంలో, కళ్లకు గంతలు కట్టి ఫలానా పొడవు గీతలు గీయమన్నారు. ఫలితం చెప్పనప్పుడు ఎన్నిసార్లు గీసినా మెరుగుపడలేదు. ఒప్పో తప్పో చెప్పడం మొదలుపెట్టాక మెరుగుపడ్డారు. మీరూ చేసి చూడండి. కళ్లు మూసుకుని 10 సెం.మీ. గీతలు ఇరవై గీయండి. తర్వాత ఇంకో ఇరవై గీయండి, ఈసారి ప్రతి గీతనూ స్నేహితుడు స్కేలుతో కొలిచి చెప్పాలి. తేడా మీకే తెలుస్తుంది.

అయితే ప్రతిసారీ చెబుతూ ఉండటమూ మంచిది కాదు. 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు అప్పటి దాకా వచ్చిన ప్రయోగాలను సమీక్షించారు. అడుగడుగునా సరిదిద్దితే నేర్చుకునేవాడు దాని మీదే ఆధారపడి, చెప్పేవారు లేనప్పుడు తడబడతాడని వివరించారు. కాకా అటు తిరిగి నిలబడటంలో అర్థం ఇదే.

ఇంకొక ముఖ్యమైన విషయం. 1979లో షే, మోర్గన్ అనే ఇద్దరు మూడు రకాల చేతి కదలికలు నేర్పారు. ఒక రకం పూర్తయ్యాకే ఇంకో రకం చేసినవారు సాధన సమయంలో ముందున్నారు. మూడూ కలిపి చేసినవారు అప్పుడు వెనకబడినా, పది రోజుల తర్వాత వాళ్లకే బాగా గుర్తుంది. సాధనలో తడబడటం ఓటమి కాదని దీని అర్థం.

గొప్పవారికీ ఇది తప్పదు. టైగర్ వుడ్స్ 1997లో మాస్టర్స్ పోటీని 12 దెబ్బల ఆధిక్యంతో గెలిచాక కూడా, తన స్వింగ్‌లో లోపాలున్నాయని కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి దాన్ని మార్చుకున్నారు. 1998లో పి.జి.ఎ. టూర్‌లో ఒక్క పోటీయే గెలిచారు. 1999లో ఎనిమిది గెలిచారు.

నా ఇంగ్లీషు పేపరు

ఆ వేసవిలో ఒక రాత్రి నా పాత నోటు పుస్తకం తీసి చూసుకున్నాను. పరీక్ష ముందు ఒకే వ్యాసాన్ని ఇరవై సార్లు రాశాను. ఇరవై సార్లూ "హి డిడ్ నాట్ వెంట్" అనే రాశాను. నేను రెండు వందల బంతుల మనిషిని! నాకు తెలివి లేదనుకున్నాను కాని, నా పేజీ చదివి తప్పు చూపే మనిషి లేడని అనుకోలేదు. అమ్మకు, నాయనకు చదువు రాదు. వాళ్లను ఎలా అడుగుతాం?

కాని ఈ సూత్రం నాయనకు ముందే తెలుసు. ఆయన సుతారి పని చేస్తాడు. గోడ కట్టేటప్పుడు రెండు మూడు వరుసలకొకసారి దారానికి కట్టిన గుండు వేలాడదీసి చూస్తాడు. గోడంతా లేచాక చూస్తే కూల్చుకోవాల్సిందే కదా. మనకు వార్షిక పరీక్ష అనేది గోడంతా లేచాక వేసే గుండు. మార్కులు ఎన్ని తగ్గాయో చెబుతుంది, ఏ వరుస దగ్గర వంగిందో చెప్పదు.

కాలేజీ తెరిచాక ప్రతి శనివారం ఒక పేజీ రాసి ఇంగ్లీషు లెక్చరర్ గారికి ఇచ్చాను. మొదటి పేజీలో 31 ఎర్ర సున్నాలు వచ్చాయి. రెండు రోజులు అన్నం సహించలేదు. వాటిని ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, వారానికి ఒక రకం తప్పు చొప్పున దిద్దుకున్నాను. మూడో నెలలో తొమ్మిదికి తగ్గాయి. ఆ పేపరు గట్టెక్కింది.

తమ్ముళ్లకు నాలుగు మాటలు

1. ఒకే జవాబును పదిసార్లు రాయకండి. ఒకసారి రాసి, సరిచూసుకుని, తప్పు దిద్ది మళ్లీ రాయండి.
2. ఒక వారానికి ఒక్క తప్పే పట్టుకోండి.
3. సార్ దగ్గరకు వెళ్లేముందు మీ తప్పు మీరే వెతకండి.
4. స్టడీ అవర్‌లో పుస్తకాలు మార్చుకుని ఒకరిది ఒకరు దిద్దండి. ఎర్ర సున్నా చూసి ఎవరినీ ఎగతాళి చేయకండి.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి మనం పెన్నులు, మిఠాయిలు తెస్తున్నాం, సంతోషం. వీటితో పాటు ఒక గంట కూడా తెద్దాం. ఇంట్లో చదివి చెప్పేవారు లేని పిల్లవాడి ఒక్క పేజీ చదివి, తప్పు ఎక్కడుందో చూపిద్దాం. నేను ప్రతి నెలా రెండో ఆదివారం హాస్టల్‌కు వస్తాను. తమ్ముళ్లూ, తలా ఒక పేజీ రాసి ఉంచండి. ఎర్ర పెన్ను నేను తెస్తాను.

మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఎం.ఎ. (మనస్తత్వ శాస్త్రం)