ఈగలన్నీ ఒకటి కావు

"ఈగ అంటే ఈగే కదా, అందులో మళ్ళీ రకాలేమిటి?" అని మీరు అడగవచ్చు. కానీ అన్నం మీద వాలే ఈగ వేరు, కాళ్ళ దగ్గర చేరి కుట్టే ఈగ వేరు, పుండు మీద గుడ్లు పెట్టే ఈగ వేరు. పైపైన చూస్తే ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏ ఈగో గుర్తుపడితే, ఇంట్లో ఎక్కడ శుభ్రం చేయాలో, ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలో మీకే తెలుస్తుంది.

ఎలా చూడాలి?

చచ్చిన ఈగను కాగితం ముక్కతో ఎత్తి తెల్లకాగితం మీద పెట్టండి. మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూడండి. ఈగ శరీరంలో తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలున్నాయి. రెక్కలు, కాళ్ళు అతికి ఉన్న మధ్య భాగమే రొమ్ము. ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఒళ్ళు లోహంలా మెరుస్తోందా?
2. రొమ్ము పైభాగాన నల్లని చారలు ఎన్ని ఉన్నాయి?
3. మూతి ఎలా ఉంది?

చూడటం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరచిపోకండి.

ఇంటి ఈగ (మస్కా డొమెస్టికా)

బూడిద రంగు, పొడవు 6 నుండి 7 మిల్లీమీటర్లు. రొమ్ము మీద నాలుగు నల్లని చారలు నిలువుగా ఉంటాయి. మూతి మెత్తని స్పాంజిలా ఉండి కిందికి వేలాడుతుంది. దానితో కుట్టలేదు. గట్టి పదార్థం తినాలంటే దాని మీద కక్కి, కరిగించి పీలుస్తుంది. మలం మీద వాలిన కాళ్ళతోనే వచ్చి మన కంచంలో వాలుతుంది. విరేచనాలు, రక్త విరేచనాలు, టైఫాయిడ్, కలరా క్రిములను ఇలా మోసుకొస్తుంది.

కుట్టే ఈగ (స్టోమాక్సిస్ కాల్సిట్రాన్స్)

చాలామంది దీనిని చూసి ఇంటి ఈగ అనే అనుకుంటారు. పరిమాణం అంతే, రంగు అదే, చారలు కూడా నాలుగే. తేడా మూతిలో ఉంది. సూదిలాంటి గట్టి మూతి తల ముందుకు పొడుచుకొని వస్తుంది. పొట్ట మీద నల్లని చుక్కలుంటాయి. ఆడదీ మగదీ రెండూ రక్తం తాగుతాయి. పశువుల పాకలో, పేడ కలిసి కుళ్ళిన గడ్డిలో పెరుగుతుంది. కాబట్టి "ఈ ఈగ కుడుతోంది" అంటే, వంటింటి కంటే ముందు పశువుల పాకను శుభ్రం చేయాలి.

మాంసపు ఈగ (సార్కోఫాగా)

ఇదీ బూడిద రంగే, కానీ ఇంటి ఈగ కంటే సాధారణంగా పెద్దది. రొమ్ము మీద చారలు మూడే. పొట్ట మీద చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్ళు. ఇది గుడ్లు పెట్టదు, బతికున్న పురుగులనే వదులుతుంది. కుళ్ళిన మాంసంతో పాటు ఒక్కొక్కసారి మూయని పుండ్ల మీద కూడా వదులుతుంది.

మెరిసే పచ్చ, నీలి ఈగలు

ఇవి లోహంలా మెరుస్తాయి. చాలా రకాలు కుళ్ళిన పదార్థాల మీదే పెరుగుతాయి. కానీ వీటిలో క్రైసోమియా బెజ్జియానా అనే రకం మన దేశంలోనూ ఉంది. దాని పురుగులు బతికున్న కండనే తింటూ లోపలికి తొలుచుకొని పోతాయి. ఇది ఏ రకమో మామూలు కంటితో తేల్చి చెప్పడం కష్టం. అందుచేత మెరిసే ఈగ పుండు మీద వాలిందంటే, ప్రమాదమనే భావించండి.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

షుగరు వ్యాధి వల్లగానీ కుష్ఠు వ్యాధి వల్లగానీ పాదాల్లో స్పర్శ పోయినవారికి పుండులో పురుగులు పడినా నొప్పి తెలియకపోవచ్చు. మంచాన పడిన వృద్ధులు, చీము కారే చెవి ఉన్న పిల్లలు, ముక్కు నుండి దుర్వాసన వచ్చేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. పుండును రోజూ కడిగి, శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టండి. స్పర్శ లేనివారి పాదాలను ఇంట్లో మరొకరు రోజూ చూడాలి.

పురుగులు కనిపిస్తే కిరోసిన్, పెట్రోలు, ఫినాయిలు పోయకండి. అవి కండను కాల్చేస్తాయి, పురుగులు మరింత లోపలికి పోవచ్చు. సిగ్గుపడి దాచుకోకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. డాక్టరు పురుగులన్నిటినీ తీసి, పుండును శుభ్రం చేస్తారు. పురుగు వెనుక భాగంలోని శ్వాసరంధ్రాలను మైక్రోస్కోపులో చూసి అది ఏ జాతిదో గుర్తించవచ్చు.

ఇంటి దగ్గర ఏం చేయాలి?

వేసవి వేడిలో ఇంటి ఈగ గుడ్డు సుమారు పది రోజుల్లోపే ఈగగా మారుతుంది. కాబట్టి పేడను, చెత్తను వారానికి రెండుసార్లు తీసివేస్తే పురుగులు ఈగలు కాకముందే పోతాయి. మరుగుదొడ్డి వాడండి. అన్నం, కూరల మీద మూతలు పెట్టండి. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓ.ఆర్.ఎస్. ద్రావణం పట్టించండి. రక్తం పడినా, పిల్లవాడు తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సరిచూసుకోండి

1. నాలుగు చారలుండి, మూతి సూదిలా ముందుకు ఉన్న ఈగ ఏది?
2. మూడు చారల బూడిద రంగు ఈగ గుడ్లు పెడుతుందా?
3. పుండు మీద మెరిసే ఈగ వాలితే మీరు ఏం చేస్తారు?

జవాబులు పై పాఠంలోనే ఉన్నాయి. చదవలేని ఇరుగుపొరుగు వారికి కూడా చదివి వినిపించండి.